గోధుమ పడనివారి తీపి రొట్టె

శ్రోతలు మాకు వ్రాసే ఉత్తరాలలో కార్యక్రమాల మంచిచెడ్డలను గురించినవే హెచ్చు. అప్పుడప్పుడు మాత్రం రేడియోను ఇంటి పెద్దగా భావించి, ఇంటి కష్టం చెప్పుకునే ఉత్తరాలు కూడా వస్తూ ఉంటాయి. పాలకొల్లుకు దగ్గరలోని ఒక గ్రామం నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం అటువంటిది. ఆమె కుమార్తెకు తొమ్మిదవ ఏడు. రెండేండ్లపాటు పిల్ల చిక్కిపోతూ వచ్చినదట. పొట్ట ఉబ్బరం, విరేచనాలు, ఎంత మందు పోసినా పట్టని రక్తం. చివరకు పరీక్షలు చేసిన వైద్యులు ఇది సీలియాక్ వ్యాధి అనీ, గోధుమతో చేసిన పదార్థం ఏదీ ఇక జన్మలో ముట్టరాదనీ చెప్పారు. మాన్పించిన కొద్ది నెలలకే పిల్ల కోలుకున్నది. బరువు పెరిగినది, బడికి పరుగెత్తి పోతున్నది.

అంతవరకు సంతోషమే. కాని ఆ బడిలో ఏ పిల్ల పుట్టినరోజు వచ్చినా కేకు కోస్తారు. ఈ అమ్మాయి చేయి చాపదు. "నాకు పడదు" అని చెప్పి ప్రక్కకు తప్పుకుంటుంది. ఇప్పుడు తన పుట్టినరోజు వస్తున్నది. "అమ్మా, నాకు కేకు ఉండదా?" అని అడిగినదట. "మాది వరి పండే సీమ. అన్నానికి లోటు లేదు. కాని నిప్పుమీద పొంగి, ఎఱ్ఱగా కాలి, ముక్కలుగా కోసి పదిమందికి పంచదగిన తీపి వంట గోధుమ లేకుండా ఒక్కటీ లేదా?" అని ఆ తల్లి ప్రశ్న.

ఉన్నది. అది పాలకొల్లు పట్టణంలోనే ఉన్నది. అయితే ఆ మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు. గోధుమ ఏ పని చేస్తున్నదో తెలిస్తేనే దానికి బదులు ఏది ఆ పని చేయగలదో తెలుస్తుంది. అందుచేత ముందు గోధుమ సంగతి చూద్దాము.

ఇంటిలో ఎవరైనా చేసి చూడదగిన పరీక్ష ఒకటి ఉన్నది. గుప్పెడు మైదాపిండిని నీటితో గట్టిగా కలిపి, ముద్ద చేసి, కొంతసేపు నాననివ్వండి. తరువాత ఆ ముద్దను పలుచని నీటిధార క్రింద పట్టుకొని మెల్లగా పిసుకుతూ కడగండి. పాలవంటి తెల్లని నీరు దిగిపోతుంది. అది పిండిలోని గంజిపదార్థం. నీరు తేటపడిన తరువాత చేతిలో బూడిదరంగు ముద్ద ఒకటి మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అదే గ్లూటెన్. ఇటలీ దేశంలో బొలోన్యా నగరపు పండితుడు బెక్కారి ఈ విధంగానే కడిగి దీనిని వేరుచేశాడు. ఆయన వ్యాసం 1745లో అచ్చయినది. ఇదే పరీక్ష బియ్యపుపిండితో చేస్తే ముద్ద అంతా నీటిలో కలిసిపోతుంది; చేతిలో ఏమీ మిగలదు.

రొట్టెవంటి పాశ్చాత్యపు వంటల రహస్యం చాలావరకు ఆ సాగే ముద్దలో ఉన్నది. పిండి పులిసినప్పుడు లోపల వాయువు పుడుతుంది. వాయువు పుట్టగానే సరికాదు, దానిని పట్టి ఉంచే తిత్తి కావాలి. గ్లూటెన్ ఆ తిత్తి. వాయువు పెరిగినకొద్దీ అది సాగుతుంది, పొయ్యి వేడికి గట్టిపడి ఆ ఆకారంలోనే నిలిచిపోతుంది. రొట్టె ముక్కలో మనకు కనబడే చిన్న చిన్న గదులు ఈ తిత్తుల గుర్తులే. బియ్యపుపిండికి ఈ గుణం లేదు. అందుచేతనే మైదా తీసివేసి ఆ స్థానంలో అంతే బియ్యపుపిండి వేసి కేకు చేయబోయినవారికి ఇసుకవలె పొడిపొడిగా రాలే ముద్ద మాత్రమే దక్కుతుంది.

వంటకు ఇంత ఉపకారం చేసే పదార్థమే కొందరి శరీరానికి అపకారి అవుతున్నది. మన చిన్న ప్రేవుల లోపలి గోడమీద మఖమలు నూగువంటి సన్నని మొలకలు దట్టంగా ఉంటాయి. ఆహారంలోని సారాన్ని పీల్చేది ఆ మొలకలే. పుట్టుకతో కొన్ని ప్రత్యేకమైన వంశలక్షణాలు గలవారిలో కొందరికి, గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలోని గ్లూటెన్ ప్రేవులలోకి చేరగానే శరీరపు రక్షణశక్తి తిరగబడి స్వంత గోడనే దెబ్బతీస్తుంది. మొలకలు అరిగి చదునైపోతాయి. అప్పుడు ఎంత తిన్నా ఒంటబట్టదు. ఇనుము పట్టక రక్తం తగ్గుతుంది, సున్నం పట్టక ఎముక బలహీనమవుతుంది, పిల్లలు ఎదగరు. గోధుమ మానివేస్తే మొలకలు మరల చిగురిస్తాయి. దీనికి నేటికీ ఆహారమే మందు.

ఈ సంగతి లోకానికి తెలిసిన చరిత్ర గమనింపదగినది. లండను వైద్యుడు సామ్యుయల్ గీ 1888లో ఈ వ్యాధిని వర్ణిస్తూ, నయమయ్యే మార్గమంటూ ఉంటే అది ఆహారంలోనే ఉండాలని వ్రాశాడు. కాని ఏ ఆహారమో ఆయనకు తెలియలేదు. తెలుసుకున్నవాడు విల్లెం డిక్కె అనే డచ్చి పిల్లల వైద్యుడు. గోధుమమీద ఆయనకు 1930 దశకంలోనే అనుమానం ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం చివర, 1944–45 శీతకాలంలో, హాలెండులో ఘోరమైన కరవు వచ్చినది. రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో కృశిస్తూ ఉంటే ఈ రోగపు పిల్లలు మాత్రం కుదుటపడ్డారు. రొట్టె మరల రాగానే వారు తిరిగి జబ్బుపడ్డారు. డిక్కె తన పరిశీలనలను 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించాడు. తోటి పరిశోధకులతో కలిసి దోషం గోధుమలోని గ్లూటెన్‌దేనని స్థాపించాడు. పదునేడవ శతాబ్దంలో డచ్చి వర్తకులు మన పాలకొల్లులో వర్తకస్థావరం పెట్టుకొని నివసించిన సంగతి స్థానిక చరిత్ర చదివినవారికి తెలిసినదే. గోధుమ రొట్టె తిని పెరిగిన ఆ జాతివారి దేశంలోనే గోధుమ దోషం బయటపడినది. ఆ దోషానికి విరుగుడైన రొట్టె వారు ఒకప్పుడు వర్తకం సాగించిన ఈ ఊరిలో ఉన్నది.

మన దేశంలో ఈ వ్యాధి ఉత్తరాది గోధుమ ప్రాంతాలలో హెచ్చు. దేశంలోని మూడు ప్రాంతాలలో 23,331 మంది పెద్దలను పరీక్షించిన ఒక పరిశీలన 2016లో ప్రచురితమైనది. దానినిబట్టి ఉత్తరాదిలో వెయ్యిమందికి సుమారు ఎనిమిదిన్నర మందికి, ఈశాన్యంలో నలుగురైదుగురికి ఈ వ్యాధి ఉండగా, దక్షిణాదిన పదివేలమందికి ఒక్కరికి మాత్రమే కనబడినది. ఆ ప్రాంతాల గోధుమ వాడకంలో కూడా పెద్ద తేడా ఉన్నది: ఉత్తరాదిన రోజుకు మనిషికి సుమారు 455 గ్రాములు, దక్షిణాదిన 25 గ్రాములు.

ఈ లెక్క చూచి మనకేమీ భయం లేదని నిశ్చింతగా ఉండవచ్చు. కాని అరుదైన వ్యాధికి అరుదైన కష్టం ఒకటి ఉన్నది: అది ఎవరి మనస్సుకూ తట్టదు. "అన్నం తినే పిల్లకు గోధుమ జబ్బేమిటి?" అని ఇంటివారు అనుకుంటారు. ఆ పిల్ల ఉదయం బొంబాయి రవ్వ ఉప్మా తిన్నది. బడిలో బిస్కత్తు తిన్నది. సాయంకాలం బన్ను తిన్నది. ఆదివారంనాడు సేమ్యా పాయసం త్రాగినది. ఇవన్నీ గోధుమలే. 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం కుదిరిన తరువాత దిగుమతి గోధుమ వరి సీమలకు కూడా చేరినది. నేడు మధుమేహం ఉన్నవారు రాత్రిపూట చపాతీ తినటం మన డెల్టాలో కూడా పరిపాటి అయినది. అందుచేత గోధుమ మన ఇండ్లలో చుట్టం కాదు, కాపురమే పెట్టినది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొట్ట ఉబ్బరమని ఎవరికి వారే గోధుమ మానివేయరాదు. ఈ వ్యాధిని రక్తపరీక్షతోను, ప్రేవుల లోపలి పొర ముక్కను పరిశీలించటంతోను నిర్ణయిస్తారు. గోధుమ తింటూ ఉండగా చేసిన పరీక్షలోనే నిజం తెలుస్తుంది. ముందే మానివేస్తే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. ఇంటిలో ఒకరికి ఉన్నదని తేలితే తోబుట్టువులకు, తల్లిదండ్రులకు కూడా పరీక్ష చేయించటం మంచిది. ఆరోగ్యవంతులకు గోధుమ మానినందువల్ల ప్రత్యేకమైన లాభం ఏదీ లేదు.

ఇక పాలకొల్లు రొట్టె. దీనిని దిబ్బరొట్టె అంటారు, మినపరొట్టె అని కూడా అంటారు. దిబ్బవలె ఎత్తుగా ఉంటుంది గనుక ఆ పేరు. పట్టణంలో మారుతి సినిమాహాలు కాంటీను దీనికి పేరు పొందినది. క్షీరారామ స్వామిని సేవించి వచ్చిన యాత్రికులు కూడా ఈ రొట్టెను వెదుక్కుంటూ పోతారు. ఇందులో ఉండవలసినవి రెండే: మినపప్పు, బియ్యపు రవ్వ. రెంటిలోను గ్లూటెన్ లేదు.

వండే పద్ధతి గమనించండి. కణకణలాడే నిప్పులమీద మందపాటి మూకుడు పెట్టి, నూనె వేసి, పిండి పోస్తారు. పైన మూత పెట్టి, ఆ మూతమీద కూడా నిప్పులు వేస్తారు. కొబ్బరి వర్తకానికి పేరుపడిన ఊరు గనుక కొబ్బరి చిప్పలకు కొదువ లేదు. ఆ చిప్పల నిప్పు చాలాసేపు ఆరదు, పొగ తక్కువ. క్రిందనుండి, పైనుండి వేడి తగిలి రొట్టె అంతటా సమంగా కాలుతుంది. అంచు ఎఱ్ఱగా, కరకరలాడుతూ ఉంటుంది; లోపల దూదివలె మెత్తగా ఉంటుంది. బేకరీ పొయ్యిలో జరిగే పని కూడా ఇదే. అన్ని వైపులనుండి మూసిన వేడిలో పొంగిన పిండి కాలటమే బేకింగు. మనవారు ఇటుకల పొయ్యి కట్టకుండా ఒక మూకుడు, ఒక మూత, రెండు వరుసల నిప్పులతో ఆ పని సాధించారు. తినేటప్పుడు ముక్కలు కోసి చెరకు పానకంలో అద్దుకుంటారు. అప్పుడది టిఫినుగా ఉండక తీపి వంటగా మారిపోతుంది.

గ్లూటెన్ లేకుండా ఈ రొట్టె ఎట్లా పొంగుతున్నది? ఆ ఘనత మినపప్పుది. మినపప్పు రుబ్బేటప్పుడు పిండి జిగురుగా మారి రోలునిండా పొంగటం మన ఇల్లాండ్రకు క్రొత్త కాదు. చక్కగా రుబ్బిన పిండి చిటికెడు నీటిలో వేస్తే తేలుతుంది. తేలినదంటే లోపల గాలి నిలిచినదన్నమాట. పిండి నానుతున్నప్పుడు కంటికి కనబడని సూక్ష్మజీవులు అందులో పెరిగి వాయువును పుట్టిస్తాయి. వాటిలో ముఖ్యమైనది ల్యూకోనాస్టాక్ అనే జాతి. ఆ వాయువును ఎవరు పట్టి ఉంచుతున్నారనే ప్రశ్నకు మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయంవారు 1970 దశకంలో సమాధానం వెదికారు. మినపప్పులోని మాంసకృత్తులు బుడగ చుట్టూ పొరగా ఏర్పడతాయి. అరబినోగాలక్టాన్ అనే జిగురుపదార్థం ఆ పొర చెదరకుండా కాపాడుతుంది. గోధుమలో గ్లూటెన్ చేసే పనిని ఇక్కడ ఈ రెండూ కలిసి చేస్తున్నాయి. పెసరపప్పుతోగాని, శనగపప్పుతోగాని ఇంతటి జిగురు రాదు. గోధుమలేని రొట్టెను కనిపెట్టాలని మన పూర్వులు అనుకోలేదు. వారికి గోధుమే లేదు. ఉన్న ధాన్యంతో, ఉన్న పప్పుతో పొంగే రొట్టె చేసుకున్నారు. అదే ఇప్పుడు ఈ పిల్లకు అక్కరకు వస్తున్నది.

ఇంటిలో చేసుకునే విధం చెబుతాము. ఒక గ్లాసు మినపప్పును నాలుగైదు గంటలు నానబెట్టి, తక్కువ నీటితో మెత్తగా, గట్టిగా రుబ్బాలి. రెండు గ్లాసుల బియ్యపు రవ్వను కడిగి, నీరు పిండి, ఆ పిండిలో కలపాలి. ఉప్పు తగినంత. పిండి ఇడ్లీపిండికంటె గట్టిగా ఉండాలి. కొన్ని గంటలు కదపకుండా ఉంచితే కొద్దిగా పులిసి పొంగుతుంది. మందపాటి మూకుడులో నూనె కాగిన తరువాత సగం పిండి పోయాలి. తీపికోసం పిండిలో బెల్లం కలపరాదు. కలిపితే రొట్టె లోపల ఉడికేలోగా అడుగు మాడి మూకుడుకు పట్టుకుంటుంది. అందుకు బదులు, పచ్చికొబ్బరి కోరు, బెల్లం, యాలకులపొడి కలిపి ఉడికించిన లౌజును పలుచగా మధ్యలో పరచి, అంచులు వదలి, మిగిలిన పిండి పైన పోయాలి. మూతపెట్టి సన్ననిసెగమీద అరగంట ఉంచాలి. నిప్పులు లేనివారు గ్యాసుపొయ్యిమీద క్రింద కాలిన తరువాత అట్లకాడతో తిరగవేసి రెండవ ప్రక్క కాల్చుకోవచ్చు. ఓవెన్ ఉన్నవారు నూనె రాసిన ఇనుపపాత్రను ముందుగా వేడిచేసి, పిండి పోసి, 180 డిగ్రీల వేడిలో ముప్పాతిక గంటవరకు ఉంచితే పైభాగం కూడా ఎఱ్ఱబడుతుంది. సన్నని పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. చల్లారిన తరువాత కోస్తే ముక్క విరగదు. పైన చెరకు పానకం పోయాలి.

కేకులాగానే ఉండాలని పిల్ల పట్టుబడితే దానికీ మార్గం ఉన్నది. బియ్యపుపిండికి తిత్తి లేదన్నాము గదా! ఆ తిత్తిని వేరే పదార్థంతో సమకూర్చాలి. గ్రుడ్డు తినేవారికి గ్రుడ్డు ఉన్నది: తెల్లసొనను నురుగు నిలిచేదాకా గిలకొడితే గాలిని పట్టి ఉంచుతుంది. తిననివారికి ఇసబ్గోలు పొట్టు ఉన్నది. ఒక గ్లాసు పిండికి చెంచాడు పొట్టును నీటిలో నానబెడితే జిగురవుతుంది. ఆ జిగురు పిండిని రాలిపోకుండా పట్టి ఉంచుతుంది. బాగా మాగిన అరటిపండు కూడా కొంతవరకు ఈ పని చేస్తుంది. ఇటువంటి కేకు త్వరగా గట్టిపడుతుంది గనుక చేసిన రోజునే తినటం మంచిది.

కొబ్బరి సీమవారికి మరొక సులభమైన వంట మాకరూన్. తూత్తుకుడి పట్టణంలో జీడిపప్పుతో చేసే మాకరూన్లు ప్రసిద్ధమైనవి. వాటిలో పిండి అనేదే లేదు. అదే పద్ధతిలో కొబ్బరితో చేయవచ్చు. రెండు గ్రుడ్ల తెల్లసొనను గట్టినురుగు వచ్చేదాకా గిలకొట్టి, అరగ్లాసు చక్కెరపొడి కొద్దికొద్దిగా కలిపి, గ్లాసున్నర ఎండుకొబ్బరి కోరు మెల్లగా చేర్చాలి. చిన్న ముద్దలుగా పెట్టి, 150 డిగ్రీల మందవేడిలో ఇరవై అయిదు నిమిషాలు కాల్చితే పైన పెళుసుగా, లోపల మెత్తగా వస్తాయి.

అసలు నిప్పుమీద కాల్చే బియ్యపు తీపి మన గోదావరి సీమకు క్రొత్త కాదు. వసిష్ఠ గోదావరికి ఆవల ఆత్రేయపురంలో, బోర్లించిన కుండ క్రింద కొబ్బరాకుల మంట పెట్టి, పలుచని బియ్యపు జావలో గుడ్డను ముంచి కుండమీద ఒక్కసారి లాగుతారు. క్షణంలో కాగితంవంటి రేకు వస్తుంది. నేయి, చక్కెర లేక బెల్లం చేర్చి మడిస్తే అదే పూతరేకు. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. పూతరేకు ఈ పిల్ల నిర్భయంగా తినవచ్చు. తాపేశ్వరం మడతకాజా, కాకినాడ గొట్టం కాజా మాత్రం తినరాదు. రెండూ మైదాతో చేసినవి. మైదాతో చేసే బొబ్బట్లు, కజ్జికాయలు, బెల్లం గవ్వలు కూడా ఆ జాబితాలోనివే.

ఇంతవరకు చెప్పినది వంట. ఇకమీద చెప్పేది కాపలా. వంట తెలిసి కాపలా తెలియకపోతే పిల్ల మరల మంచమెక్కుతుంది.

మొదటిది "రవ్వ" అనే మాట. మన భాషలో ఒకే మాట రెండు ధాన్యాలకు చెల్లుతున్నది. ఇడ్లీరవ్వ, ఉప్పుడు రవ్వ బియ్యానివి. బొంబాయి రవ్వ, ఉప్మా రవ్వ గోధుమవి. రొట్టె ఎఱ్ఱగా, కరకరలాడుతూ రావాలని కొందరు పిండిలో గుప్పెడు బొంబాయి రవ్వ కలుపుతారు. కంటికి తేడా తెలియదు. అందుచేత బజారు రొట్టె కొనేముందు "ఇందులో ఏ రవ్వ వేశారు?" అని అడిగి తీరాలి. ఈ ప్రశ్నకు మొగమాటపడరాదు.

రెండవది పిండిమర. ముందువచ్చినవారు గోధుమలు ఆడించుకొని పోయిన మరలోనే మన బియ్యం పోస్తే, మర గొంతులో నిలిచిన గోధుమపిండి మన పిండిలో కలుస్తుంది. మైదా జల్లించిన జల్లెడ, చపాతీలు ఒత్తిన పీట కూడా అంతే. ఈ పిల్లకోసం విడిగా ఒక జల్లెడ, ఒక మూకుడు ఉంచుకోవటం, పిండి ఇంటిలోనే రుబ్బుకోవటం క్షేమం.

మూడవది ఇంగువ. బజారులో దొరికే పొడి ఇంగువలో మైదా కలిసి ఉండటం మామూలే. రొట్టెలోకి చేసే పచ్చడి పోపులో ఆ ఇంగువ పడితే రొట్టెలో లేని గోధుమ పచ్చడిలో వచ్చి కూర్చుంటుంది. మాల్టు కలిసిన పాలపొడులలో బార్లీ ఉంటుంది.

నాలుగవది పేరు చూచి మోసపోవటం. రాగి, జొన్న, సజ్జ, కొర్ర వీటిలో గ్లూటెన్ లేదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత రాగి బిస్కత్తులకు గిరాకీ హెచ్చినది. కాని "రాగి బిస్కత్తు" అని పైన వ్రాసి ఉన్న పొట్లంలో సగం మైదా ఉండవచ్చు. పొట్లం వెనుక సన్నని అక్షరాలు చదవాలి. గ్లూటెన్ లేనిదని అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశపు ప్రమాణం.

"ఇంత పట్టింపు ఎందుకు? పండుగపూట పిసరంత తింటే ఏమవుతుంది?" అని పెద్దలు అంటారు. ఆ మాటలో ప్రేమ ఉన్నది, అపాయం కూడా ఉన్నది. ఇటలీ పరిశోధకులు 2007లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఈ వ్యాధిగ్రస్తులకు రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు మాసాలు ఇస్తే ప్రేవుల మొలకలు దెబ్బతిన్నట్లు కనబడినది. ఒక గోధుమరొట్టె ముక్కలో సుమారు రెండు గ్రాములు, అనగా ఆ మోతాదుకు నలుబది రెట్లు, గ్లూటెన్ ఉంటుంది. పిసరు అనుకున్నది పిల్లకు పిసరు కాదు. పైగా తిన్న వెంటనే కడుపునొప్పి రాకపోవచ్చు. "చూశావా, ఏమీ కాలేదు" అని ఇంటివారు ధైర్యపడతారు. లోపల మొలకలు అరుగుతున్న సంగతి ఎవరికీ తెలియదు.

మన సీమలో మర్యాద అంటే పెట్టటం. వచ్చినవారు తినకపోతే ఇంటి ఇల్లాలికి కష్టం తోస్తుంది. పెట్టినదాన్ని కాదనటం పిల్లకు అంతకంటె కష్టం. ఆ కష్టాన్ని పిల్లమీద వేయరాదు. చుట్టాలకు, ఉపాధ్యాయులకు, ఇరుగుపొరుగువారికి సంగతి పెద్దలే ముందుగా చెప్పాలి. కొబ్బరిముక్క, అరటిపండు, చక్కెరపొంగలి ప్రసాదంగా పెడితే తినవచ్చు. రవ్వకేసరి పెడితే కళ్ళకద్దుకొని తల్లికి ఇవ్వటం నేర్పాలి. దేవుడు అలిగే పని కాదది.

తీపి తీపే గనుక మితం మాత్రం తప్పదు. గోధుమ లేదన్నంత మాత్రాన బెల్లం మందు కాబోదు. రోజువారీ ఆహారంలో పప్పులు, ఆకుకూరలు, పాలు, చిరుధాన్యాలు ఉండాలి. తరిగిపోయిన ఇనుము, సున్నం వాటితో భర్తీ కావాలి. కాల్చిన తీపి పండుగకు, పుట్టినరోజుకు.

ఆ తల్లికి మా సమాధానం ఇది. అమ్మా, మీ అమ్మాయి పుట్టినరోజుకు దిబ్బరొట్టె కాల్చండి. గుండ్రంగా, ఎత్తుగా వస్తుంది. మధ్య కొబ్బరి లౌజు పెట్టండి, పైన పానకం పోయండి. ముక్కలుగా కోసి బడికి పంపండి. ఆ పిల్లకు మాత్రమే విడిగా ఒక ముక్క చేసి పంపవద్దు. తరగతి అందరికీ సరిపడా చేయండి. మిగిలిన పిల్లలకు కూడా అది మంచి రుచే. ఆ రోజున అందరికీ పంచే చేయి మీ అమ్మాయిదే అవుతుంది. తాను కూడా అందరితో కలిసి అదే ముక్క తింటుంది.